ఎరుపెక్కని ప్లేటు

పంచ్ మొనను సానరాయి మీద నూరుకుని, ప్లేటు వంచాల్సిన చోట గీసిన సుద్దగీత వెంట సుత్తితో టకటకా చుక్కల్లాంటి గాట్లు కొట్టుకుంటూ పోతున్నాడు ఎర్రమేస్త్రి. ఇనుము ఎర్రబడందే చెయ్యి వెయ్యడని షెడ్డులో ఆ పేరు పెట్టారు. ఆ ఎరుపుకు సుద్ద కాలిపోతుంది, చుక్క మాత్రం నిలుస్తుంది. అందుకే పాతికేళ్లుగా గీత గీశాడంటే దాని మీద చుక్క పడాల్సిందే.

ఈ ప్లేటు మామూలు ఇనుము కాదు. రాళ్లు మోసే టిప్పర్ అడుగున వేసేది, అరగకుండా గట్టిపరచి పంపింది. పోయిన నెల ఇలాంటిదాన్నే ఎర్రగా కాల్చి, మైనంలా వంచి, మీసం దువ్వుకున్నాడు. ఆ ఎరుపుకే దాని గట్టితనం కాస్తా చచ్చింది. నెల తిరక్కుండా వంపు దగ్గర బొక్క పడింది. టిప్పర్ ఆయన వచ్చి అందరి ముందూ కడిగేసి వెళ్లాడు. షెడ్డు యజమాని మాత్రం, "ఇది కూడా పాడైతే వంపు పనులన్నీ బయట ప్రెస్సు మిషనుకి ఇచ్చేస్తాను మేస్త్రీ," అని ఊరుకున్నాడు. అంటే ఇక మంట దగ్గర ఎర్రమేస్త్రికి చోటు లేనట్టే.

"చాలు బావా, నీళ్లు చుయ్యిమంటున్నాయి," అన్నాడు జాకీ కొట్టే బావమరిది, వేడి ప్లేటు మీద నీళ్లు చిలకరించి. ఈసారి వేడి అంతవరకే. ఎరుపు రాకూడదు.

"ఎర్రబడకుండా కాలిందని నమ్మాలా, నా ఖర్మ. గుడ్డోడి చేతికి అద్దం ఇచ్చినట్టుంది."

జాకీ బిగిస్తే ప్లేటు వంగేది, వదిలితే మళ్లీ లేచేది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఇది ఆ మొండివాడికి పెద్దన్న. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు మేస్త్రి. ప్లేటును తిట్టాడు, జాకీని తిట్టాడు, అవి రెండూ పలక్కపోయేసరికి బావమరిదిని తిట్టాడు.

"ఇంకొంచెం కొట్టు."

"వద్దేమో బావా."

"కొట్టరా."

సాయంత్రానికి వంపు కుదిరింది. మేస్త్రి ఊపిరి వదిలేలోగా టప్పుమంది. పగులు చుక్క నుంచి చుక్కకి, కుట్లు విప్పినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పాకింది.

చుక్కల మధ్య సుద్దగీత ఎక్కడా చెరగలేదు. ఎరుపే రానప్పుడు సుద్ద ఎందుకు కాలుతుంది, ఇక చుక్కతో పనేముంది? అంత గట్టి ప్లేటు పగలడానికి ఆ గాట్లే చాలు. చుక్కలు కొట్టమని ఎవరూ అనలేదు, అలవాటున చెయ్యి కొట్టేసింది. ఆ చేతి మీద వచ్చినంత కోపం అతనికి జన్మలో ఎవరి మీదా రాలేదు.

యజమాని వచ్చి చూశాడు. "రేపటినుంచి గ్రిల్స్ పని చూసుకోండి మేస్త్రీ," అన్నాడు మెల్లగా.

"గ్రిల్స్ ఎవరైనా చేస్తారు లెండి."

గ్యాసు కట్టేసి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకున్నాడు. తినని డబ్బా అందుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇలాంటిది మళ్లీ వస్తే సుద్దతోనే గియ్యరా. చుక్కలు కొట్టకు."

"అదేంటి, నువ్వు రావా బావా?"

"మీ అక్క ఎప్పట్నుంచో ఇంట్లో ఉండమంటోందిగా," అని వెళ్లిపోయాడు.

బల్ల మీద పంచ్ ఉండిపోయింది. సుత్తిదెబ్బలకు దాని తల పుట్టగొడుగులా విచ్చుకుంది, మొన మాత్రం పొద్దున పెట్టిన పదునుతో అలాగే ఉంది.