చెంబెడు దమ్ నీళ్లు

ఆదోనిలో కొళాయి నీళ్లు వచ్చిన రోజే పండుగ. అట్లాంటి ఊళ్లో ఇంట్లో సముద్రం పెట్టుకున్నవాడు హారూన్. సెల్‌ఫోన్లు రిపేరు చేసుకునేవాడికి ఆ పిచ్చి ఎందుకు పట్టిందో అల్లాకే తెలియాలి! గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్లు, రెండు నారింజ రంగు చేపలు, ఒక ఎర్ర రొయ్య, రాయికి అతుక్కుని రేకులు ఆడించే పువ్వులాంటి జీవి. "తాగేదానికి నీళ్లు ల్యాకుంటే సేపలకు ఉప్పునీళ్లంట!" అని వీధంతా నవ్వింది.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఎనిమిది నెలల కిందట ఎమ్మిగనూరు రోడ్డులో లారీ గుద్దినప్పటి నుంచి హారూన్ మంచంలోనే ఉన్నాడు. మాట లేదు, చెయ్యి కదలదు. కళ్లు మాత్రం ఎప్పుడూ తొట్టి వైపే. తొట్టిలోవి బతికినన్నాళ్లు తన మనిషి బతుకుతాడని భార్య నిఖత్ గట్టిగా నమ్మింది. పిచ్చిది అనుకుంటే అనుకోండి, మీ సొమ్మేం పోయింది!

పగలు మొగుని అంగడి చూసుకుంటూనే, ప్రతి శుక్రవారం తొట్టిలో నీళ్లు మార్చేది. హారూన్ నేర్పినట్టే ముందురోజు ఫిల్టర్ నీళ్లలో బెంగుళూరు నుంచి తెప్పించిన ఉప్పు కలిపేది. పైపు నోట్లో పెట్టి పీల్చి, పాత నీళ్లు రెండు బకెట్లు తీసి, కొత్తవి ప్లాస్టిక్ చెంబుతో నిదానంగా పోసేది. నోరంతా ఉప్పగా అయినా ఉమ్మేసి పని చేసుకునేది. ఒక్క వారం తప్పలేదు.

అయినా రొయ్య చచ్చింది. తర్వాత పువ్వు ముడుచుకుని రాలిపోయింది. తప్పు ఎక్కడుందో తెలియక నిఖత్ తల బాదుకుంది.

అత్త సర్దార్‌బీ మాత్రం ధైర్యంగా ఉంది. "బిడ్డకు తెలివొస్తాంది నిఖత్! మద్యాన్నం నేను దగ్గరికి పోతే సాలు, కండ్లు పెద్దవి సేసి నీళ్లు కారుస్తాండాడు," అనేది. ఆ మాట విన్న రోజు నిఖత్‌కు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

ఉప్పు కోసం ఫోన్ చేసి రొయ్య, పువ్వు పోయిన సంగతి చెబితే బెంగుళూరు అంగడాయన అడిగాడు. "రాగి ఏమన్నా తగిలిందా అమ్మా? అది పడితే ముందు రొయ్య, పువ్వు పోతాయి. రాళ్లలోకి ఇంకిందంటే ఎన్ని నీళ్లు మార్చినా వదలదు."

మరునాడు నిఖత్ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. సర్దార్‌బీ ప్రతి గురువారం దర్గాలో దువా చదివి ఊదించి, దమ్ చేయించి తెచ్చే నీళ్లు రాగి బిందెలో ఉన్నాయి. వారమంతా అవి అందులోనే ఉంటాయి. ముసలామె చెంబు ముంచి, కొడుకు పెదవులు తడిపి, మిగిలింది తొట్టిలో పోసింది. హారూన్ కళ్లు పెద్దవయ్యాయి. నీళ్లు చెంపల మీదికి కారాయి.

"సూసినావా! ఆర్నెల్లుగా ఒక్క దినం తప్పలేదు. వాని పానమంతా సేపల మిందనే గదా, వాటికీ దువా తగలనీ అని పోస్తాండా."

నిఖత్ రాగి బిందెను చూసింది, మొగుని కళ్లను చూసింది. రాగి సంగతి ఆ ఇంట్లో మొదటి నుంచీ తెలిసినవాడు ఒక్కడే. తొట్టి దగ్గర ప్లాస్టిక్ చెంబు తప్ప ఇంకోటి పెట్టనిచ్చేవాడు కాదు. ఆర్నెల్లుగా వద్దు వద్దని ఆ కళ్లు అరుస్తుంటే, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు తెలివి వస్తోందని అల్లాకు షుకర్ చెప్పుకున్నారు. అయ్యో, ఏం బతుకు ఇది!

అత్తకు చెప్పాలని నోరు తెరిచింది. ఆ ముసలి ముఖంలో సంతోషం చూసి మాట మార్చింది. "రేపట్నుంచి సేపలకు నేనే పోస్తాలే అమ్మీ," అని మాత్రం అంది. చేపల వాటా దమ్ నీళ్లు రోజూ మోరీలో పోసింది. నీళ్లు వారానికి మూడుసార్లు మార్చింది. పదో రోజున చేపలు రెండూ తేలాయి.

శుక్రవారం వచ్చింది. నిఖత్ చేపల్లేని ఉత్త తొట్టికి నీళ్లు మారుస్తోంది. సర్దార్‌బీ చెంబుతో వచ్చి కొడుకు పెదవులు తడిపింది. హారూన్ కళ్లు తొట్టిని వదిలి పైకప్పు వైపు ఉన్నాయి, పొడిగా.

"ఏమే, బిడ్డ ఈపొద్దు ఏడ్సలేదే?" అంది ముసలామె భయంగా.

"అలిసిపోయినాడు అమ్మీ," అని నిఖత్ రెండో బకెట్ ఎత్తింది.