బేస్ వాయించే అమ్మాయి వంతు

"నేత్రావతమ్మా, బ్యాండు వాళ్లకు టీ నువ్వే చూసుకో. పిల్లకాయలు గలాటా చెయ్యకుండా చూసేదీ నువ్వే," అన్నారు హెడ్‌మాస్టర్ పురుషోత్తమ్. "ఇంగ ఆ టేకల్ సంగతి సాయంత్రంలోగా చెప్పు. లేదంటే శంకర్ సార్‌ను పంపిస్తాం."

మా యాజమాన్యానికి టేకల్‌లో ఇంకో బడి ఉంది. అక్కడికి హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. నిన్న రాత్రి ఇంట్లో చెప్పబోయాను. మొదటి వాక్యం పూర్తి కాకముందే నా భర్త మోహన్‌కుమార్ టీవీ సౌండు పెంచి, "టేకల్ యాడ, మనం యాడ? పొద్దున్నే అమ్మకు కాఫీ ఎవురిస్తారు? వద్దని చెప్పేయ్," అన్నారు. ఆయన రోజూ మాలూరు ఫ్యాక్టరీకి వెళ్లే రైలు టేకల్‌లో ఆగుతుంది. ఆ మాట చెప్పే సందు దొరకలేదు. అత్తమ్మ గ్లాసును నేలకు కొట్టి పెట్టింది. కాఫీ చల్లారిందని దానర్థం.

ఊరిగాం చర్చి పక్క హాల్లో పిల్లలను నేల మీద కూర్చోబెట్టాను. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు నలుగురు. సాక్సోఫోన్, పియానో, డ్రమ్ములు వాయించే ముగ్గురు మగవాళ్లు, తనకన్నా ఎత్తున్న బేస్ అనే తీగల వాద్యాన్ని నిలబెట్టి పట్టుకున్న ఒక అమ్మాయి. దీన్ని జాజ్ అంటారన్నారు. పిల్లలు పెళ్లి బ్యాండు విన్నారు, చర్చి పాటలు విన్నారు. ఇది వినలేదు. నేనూ వినలేదు. డ్రమ్ముల దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి.

"మిస్, బ్లాస్టింగ్ మాదిరి ఉండాది," అంది ప్రేమ. ఆ పిల్ల తాత ఇక్కడి బంగారు గనిలో మందు పెట్టి రాయి పగలగొట్టినవాడు. నేను నోటి మీద వేలు పెట్టి చూపించాను.

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తి ముగ్గురినీ చూసింది. ఏమీ అడగలేదు. సాక్సోఫోన్ ఆయన వాద్యాన్ని నోటి నుంచి తీసి వెనక్కి జరిగాడు. పియానో ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రమ్ముల ఆయన కర్రలు వదిలి, తీగల కుంచెలు తీసుకుని డ్రమ్ము మీద రుద్దాడు. చేటలో రాగులు చెరిగినంత శబ్దం. ఆమె తీగ లాగితే ఆ స్వరం నేలగుండా నా పాదాల్లోకి వచ్చింది. ఆమె తొందరపడలేదు. మధ్యలో ఆగింది. ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. ముగ్గురు మగవాళ్లు ఆమె చేతుల వంక చూస్తూ ఉన్నారు, తర్వాత ఏం వస్తుందోనని. నోటి మీది వేలు నాకు తెలియకుండానే కిందికి దిగింది.

"మిస్, ఆయక్క వాయిస్తాంటే వాళ్లు ఏల నిలిపేసినారు? మర్చిపోయినారా?" ప్రేమ నా చెవిలో అడిగింది.

"లేదమ్మా. ఇంటాండారు."

"మగోళ్లు కూడానా?"

నేను వింటున్నాను.

టీ గ్లాసులు కడిగి పెట్టి హెడ్‌మాస్టర్ గదికి వెళ్లాను. టేకల్ వెళ్తానని చెప్పాను. ఇంట్లో చెప్పడం మిగిలింది.

మోహన్‌కుమార్ రైలు దిగి వచ్చి టీవీ పెట్టారు. ఆయనకూ అత్తమ్మకూ కాఫీ ఇచ్చి, రిమోట్ తీసుకుని సౌండు తగ్గించాను.

"టేకల్ పోతానని చెప్పేసినాను. సోమవారం నుంచి మీ రైల్లోనే వస్తాను. పొద్దున అత్తమ్మ కాఫీ మీరు పెట్టండి. పొడి ఎంతెయ్యాలో చూపిస్తాను."

"ఏమే, ఆ బ్యాండోళ్లు నీకేమన్నా తాపినారా? టేకల్‌లో..."

అత్తమ్మ గ్లాసును చప్పుడు కాకుండా కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఉండండి," అన్నాను. "నేనింకా ముగించలేదు."