చెల్లెలి ఎత్తుకు కట్టిన అలమరలు

ఆ వడ్రంగిని వీధిలో అందరూ మడమల మేస్త్రీ అనేవారు. అలమరలు చేయించుకునే ఇల్లాలిని గోడ దగ్గర నిలబెట్టి, "మడమలు లేవకూడదు తల్లీ, చెయ్యి పైకి చాచు," అనేవాడు. వేళ్లు అందిన చోట పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. పై అర ఆ గీత దాటి పోయేది కాదు. టేపు తీయడం ఆ తరవాతే.

అతన్ని అక్క ఇంటికి పిలిచింది ఆమె భర్త, చెల్లెలికి బావ. అక్క ఆసుపత్రిలో ఉంది, ఇల్లు చూసుకోవడానికి చెల్లెలు వచ్చింది. వంటగదిలో ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడకు కలిసిపోయిన అలమరలు, గట్టు కింద సొరుగులు, మూలలో చెయ్యి వేస్తే తిరిగే అర. పెళ్లయినప్పటి నుంచీ అక్కకు ఇదే కోరిక. ఆమె ఇంటికి వచ్చేసరికి అవన్నీ ఉండాలని బావ పట్టుదల.

మేస్త్రీ కొలతలకు వచ్చిన పూట బావ ఆసుపత్రిలో ఉన్నాడు. చెల్లెలు తడి చేతులతో తలుపు తీసింది.

"రా తల్లీ, ఇలా నిలబడు," అన్నాడు మేస్త్రీ.

నిలబడింది. చెయ్యి చాచమంటే చాచింది. ఇంటి ఇల్లాలు ఈమే అని అతను అనుకున్నాడు. గోడ కొలవడానికి సాయం అడుగుతున్నాడని ఆమె అనుకుంది. అక్క కంటే ఆమె జానెడు పైనే పొడుగు.

పని అయ్యాక అక్క ఇంటికి వచ్చింది. బావ భుజం పట్టుకుని నేరుగా వంటగదిలోకే నడిచింది. సొరుగులు లాగి చూసింది. మూల అరను గిర్రున తిప్పి నవ్వింది. తరవాత పై తలుపు కోసం చెయ్యి ఎత్తింది. వేళ్లు అంచుకు తగిలాయి, అంతే. మునివేళ్ల మీద లేచింది. అయినా పిడి అందలేదు.

"ఏవండీ, నిచ్చెన కూడా చేయించారా? లేక నన్ను ఎగరడం నేర్చుకోమంటారా?"

"మేస్త్రీ నన్ను నిలబెట్టి కొలిచాడక్కా," అంది చెల్లెలు.

మర్నాడు తలుపులు సరిచూడటానికి వచ్చిన మేస్త్రీ, అక్కచెల్లెళ్లను పక్కపక్కన చూసి, ఇల్లాలు ఎవరో తెలుసుకుని సంచీ కింద పెట్టేశాడు.

"ఎంత పని చేశాను! గోడలోకి బిగించినవమ్మా, విప్పితే పలకలు చీలతాయి. అయినా విప్పేస్తాను. మళ్లీ కడతాను."

"వద్దండీ," అంది అక్క, కుర్చీలో కూర్చుంటూ. "డాక్టరు ఈయనతో గుసగుసలాడింది నాకు వినబడలేదనుకుంటున్నారు. ఇక ఇక్కడ వండేది మా చెల్లెలే. దీని ఎత్తుకే ఉన్నాయిగా. " చెల్లెలి వైపు తిరిగింది. "మీ బావ ఒక్కడే బతకలేడే."

చెల్లెలు చేతిలో గిన్నెను గట్టు మీద ఠంగుమని పెట్టింది.

"నోరు ముయ్యక్కా! నీకు వండిపెట్టడానికి వచ్చాను, నీ చోట్లో నిలబడటానికి కాదు. విప్పెయ్యండి మేస్త్రీగారూ, అన్నీ విప్పెయ్యండి."

"పిచ్చిమొహమా, అన్నీ మళ్లీ కట్టేదాకా నేనుండొద్దూ?"

గుమ్మంలో నిలబడ్డ బావ పెరట్లోకి వెళ్లిపోయాడు. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

మేస్త్రీ ఎదురుగోడను అరచేత్తో తడిమాడు. "ఇక్కడ ఖాళీ ఉంది. ఒక్క అర. పొద్దుగూకేలోగా బిగిస్తాను. లే తల్లీ, ఈసారి నీ కొలతే."

అక్క లేచింది. చెల్లెలు వెనక నుంచి నడుము పట్టుకుంది. "మడమలు..." అని అలవాటుగా మొదలుపెట్టి మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ఆమె చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. అతను అక్కడే గీత పెట్టాడు.

అక్క ఆ గీత వైపు చూసింది. "ఇంతేనా?"

"ఇది చాలు తల్లీ."

తలుపులు లేని చిన్న అర అది. అందులో ఏం పెట్టాలో అక్కే చెప్పింది. "ఉప్పు డబ్బా. ఎవరు వండినా ఉప్పు మాత్రం నేనే వేస్తాను."

అప్పటి నుంచి కూర ఉడుకు పట్టగానే చెల్లెలు కేక వేసేది. అక్క గోడ పట్టుకుని వచ్చేది. కొన్నాళ్లకు బావ ఆమెను కుర్చీతో సహా తోసుకొచ్చేవాడు. అక్క ఒక్కోసారి ఉప్పు వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేసేది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా ఉంది," అనేవాడు బావ, చెంబెడు నీళ్లు తాగి.

ఒకరోజు అక్క మంచం దిగలేకపోయింది. చెల్లెలు ఉప్పు డబ్బా, కూర గిన్నె మంచం దగ్గరకే తెచ్చింది. అక్క వేళ్లు పట్టుకుని డబ్బాలో పెట్టింది. చిటికె బిగుసుకోలేదు. వేళ్లకు అంటుకున్న నాలుగు రవ్వల్నే గిన్నె మీద దులిపింది.

"వేశానా?" అంది అక్క, కళ్లు మూసుకునే.

"వేశావక్కా."

ఆ పూట కూర చప్పగా ఉంది. బావ గానీ చెల్లెలు గానీ మరి కాస్త ఉప్పు వేసుకోలేదు.