గోరింటాకు తొట్టి

బొమ్మనహళ్ళిలో పిల్లప్ప షెడ్డుకు మొదటిసారి వెళ్ళిన రోజున యాసిడ్ పొగకు సమీనా కళ్ళు తెరవలేకపోయింది. తుప్పు పట్టిన బోల్టుల్ని పిల్లప్ప యాసిడ్ తొట్టిలో ముంచి శుభ్రం చేసేవాడు. తుప్పుతోపాటు యాసిడ్ మంచి ఇనుమునూ తినేది. గోరింటాకు కషాయం కలిపితే అందులోని పదార్థాలు ఇనుము మీద పలచటి పొరలా పట్టుకుని యాసిడ్‌ను అడ్డుకుంటాయని సమీనా కాలేజీ ల్యాబ్‌లో తేల్చింది. ఆమె పీహెచ్‌డీ దాని మీదే.

"ఒక తొట్టి ఇస్తా, చేసి చూడమ్మా," అన్నాడు పిల్లప్ప.

చేసింది. తుప్పు వదిలింది, బోల్టు మరలు చెక్కుచెదరలేదు. పొగ కూడా బాగా తగ్గింది. పిల్లప్ప మురిసిపోయి డ్రమ్ము నిండా కషాయం కాయించి పెట్టుకున్నాడు. సమీనా వద్దనలేదు.

ఏప్రిల్ ఎండలకు రేకుల షెడ్డు కాగిపోతోంది. కొన్నాళ్ళకు అతను కాలేజీకి ఫోన్ చేశాడు.

"ఒకసారి వచ్చిపోమ్మా."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు భయమేసింది.

డ్రమ్ములో తెల్లటి బూజు, పులిసిన కంపు. బోల్టుల మరలు యాసిడ్ తినేసింది, నట్టు బిగిస్తే వదులుగా తిరుగుతోంది.

"సరుకంతా వెనక్కొచ్చేసినాది," అన్నాడు పిల్లప్ప.

ల్యాబ్‌లో ఆమె ఎప్పటికప్పుడు తాజాగా కాచుకునేది. నిలవ ఉంటే ఏమవుతుందో ఆలోచించనే లేదు.

"నేను చూసుకోవాల్సింది అన్నా. తప్పు నాదే."

"నాకూ తోచలేదు," అని అతను బోల్టుల వైపు తిరిగాడు.

పాడైన కషాయం సీసాలో పట్టుకుని వెళ్ళి గైడ్ అశోక్‌కుమార్‌కు చూపించింది.

"పనిచెయ్యనిది థీసిస్‌లో ఎందుకమ్మా? మంచి ఫలితాలు ఉండనే ఉన్నాయి."

"ఆ మంచి ఫలితాలు నమ్మే కదా సార్, ఆయన సరుకు పోగొట్టుకున్నాడు."

ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. "సరే, రాయి," అన్నాడు.

వానాకాలమంతా పులిసిన కషాయంతోనే గడిపింది. చివరికి ఆకును నీడలో ఎండబెట్టి, పొడి దాచి, ఏ పూటకాపూట కాచుకుంటే పొర నిలుస్తుందని తేలింది. మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. పిల్లప్ప మూలనున్న ప్లాస్టిక్ బకెట్టు లాగి ముందు పెట్టాడు.

"దీంట్లో చెయ్యమ్మా. పనికిరాని బోల్టులు చానా ఉండాయి."

ఈసారి మరలు పోలేదు. ఆ బకెట్టు పని నచ్చి, అతను సన్నటి సామాన్లకు దాన్నే వాడటం మొదలుపెట్టాడు. పెద్ద తొట్టిలో మాత్రం మళ్ళీ ఆకు పడనివ్వలేదు. ఆమె అడగనూ లేదు.