రాజుగారి ఐదో ఏడు

కళింగ రాజులకు ఒక అలవాటు ఉండేది. పట్టం కట్టుకున్నది మొదలు ఏ ఏడు ఏ ఘనకార్యం చేశారో కొండబండ మీద వరసగా చెక్కించుకునేవారు. ఏడుకో వరస. ఒక్క వరస ఖాళీగా ఉన్నా ఆ ఏడంతా రాజు నిద్రపోయాడని లోకం అనుకుంటుంది.

మేఘదత్త మహారాజు నిజంగానే ఐదో ఏడంతా పంటినొప్పితో మంచం దిగలేదు. ఎనిమిదో ఏడు వచ్చినా బండ మీద ఐదో వరస నుంచి ఖాళీగానే ఉంది.

"పున్నమిలోగా ముందు ఆ ఐదో వరస నిండాలి పూసా. లేదంటే నీ ఉలి ఇంకొకడి చేతికి పోతుంది," అన్నాడు రాజలేఖకుడు, బండ చెక్కే పూసడితో. ఏం చెక్కాలో మాత్రం చెప్పలేదు. మొదటి ఏడు గాలివానకు పడిన కోటగుమ్మాన్ని రాజు బాగుచేయించాడని రాసి, తర్వాతి మూడేళ్లకూ అదే గుమ్మాన్ని రాతలోనే మళ్లీ మళ్లీ బాగుచేయించిన మనిషి ఆయన. ఇక ఆయన బుర్రలో కొత్త ఊహ మిగల్లేదు.

పూసడు ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చున్నాడు. భార్య సాలిక కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

"ఆ ఏడే కదా మావా, మన ఉప్పుపల్లె ఆడోళ్లం ఏటి నుంచి కాలవ తవ్వుకున్నాం. అది చెక్కెయ్."

"రాజు తవ్వించాడనా?"

"కాదనడానికి ఆయనకి గుర్తుండాలి కదా."

పున్నమినాడు రాజు బండ ముందు నిలబడి చదివించుకున్నాడు. "ఇంత మంచిపని చేశానా. నాకెవరూ చెప్పలేదే," అని మురిసిపోయి, మర్నాడే తన కాలువకు కాపలా పెట్టించాడు.

కుండతో కాలువకు వెళ్లిన సాలికకు కాపలావాడి బల్లెం అడ్డం వచ్చింది.

"రాజుగారి కాలవమ్మా ఇది."

"తవ్వింది మేం బాబూ. ఈ కాయలు కాసిన చేతులు చూడు."

"చేతులెవరు చూస్తారు. బండ మీద ఉంది. చెక్కింది మీ ఆయనేగా."

వారం రోజులు పల్లె అంతా మళ్లీ బావిలోని ఉప్పునీళ్లే తాగింది. పూసడు ఎదురైతే ఆడవాళ్లు ఖాళీ కుండలు బోర్లించి చూపించారు.

ఎనిమిదో రోజు సాలిక అడిగింది. "ఆరో ఏడు రాజేం చేశాడు?"

"పన్ను పీకించుకుని, ఆ సుఖానికి మళ్లీ పడుకున్నాడు."

"అయితే చెక్కు. ఆరో ఏట మహారాజు దయతలచి ఆ కాలవని ఉప్పుపల్లె ఆడోళ్లకి దానమిచ్చాడని."

రాజు అది చదివించుకుని, తన దానగుణానికి తానే కళ్లు తుడుచుకున్నాడు. కాపలా లేచిపోయింది. తాము తవ్వుకున్న కాలువ తమకే దానంగా దక్కినందుకు ఆడవాళ్లంతా కోటకు వెళ్లి దండాలు పెట్టారు. అందరికంటే వంగి పెట్టింది సాలికే.

తిరిగొచ్చాక మొగుడితో మెల్లగా అంది. "ఏడో ఏడు ఆయనేం చేశాడో ఆ లేఖకుణ్ణి అడక్కు. నన్నడుగు."