పద్నాలుగో అతుకు

ఎలీహియోని పాతిపెట్టిన రోజు పాల్మా ఊళ్ళో సైకిళ్ళన్నీ ఆయన పెట్టె వెనకాలే నడిచాయి. పెట్రోలు లేక బస్సులు ఆగిపోయి అప్పటికి రెండేళ్ళు. వచ్చినవాళ్ళంతా సైకిళ్ళు పట్టుకుని నడిపించుకుంటూ శ్మశానం దాకా వచ్చారు. వాటిలో ఆయన చెయ్యి పడని చక్రం ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళుగా ఊరందరి పంక్చర్లూ ఆయనే వేశాడు.

ఆయన కూతురు నెరెయిదా బడిలో భూగోళం చెబుతుంది. యాభై దాటిన మనిషి. సమాధి దగ్గర ఏడవలేదు, ఏమీ మాట్లాడలేదు. మాట వాడాలంటే ముందు దాని అవసరం చూసుకునే రకం.

తండ్రికి ఆ పొదుపు ఉండేది కాదు. ట్యూబు మీద పచ్చి రబ్బరు ముక్క పెట్టి, దాని మీద పాత లారీ పిస్టన్‌ని మరతో బిగించి, పిస్టన్ గుంటలో గుక్కెడు కిరసనాయిలు పోసి అంటించేవాడు. అక్కణ్ణించి కథ చెప్పడం మొదలు. మంట ఆరేది, పిస్టన్ చల్లారేది, కథ అయ్యేది, అప్పుడు మర విప్పేవాడు. ఎలీహియోకి చేతి పని తక్కువ, నోటి పని ఎక్కువ అని ఊరు నవ్వేది. ఆ నవ్వు విన్నప్పుడల్లా చిన్నప్పుడు నెరెయిదాకి తల కొట్టేసినట్టుండేది.

శ్మశానం నుంచి తిరిగొస్తుంటే ఉర్బానో పక్కన చేరాడు. రైలు పట్టాలకి అవతల పంక్చరు షాపు అతనిది.

"మంచి మనిషి టీచరమ్మా, కాదనను. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా. మీ నాన్న అతుకులు పాల్మా అతుకులు. రేషను బియ్యం తెచ్చుకోడానికి బాగానే ఉంటాయి. ఫరోలా ఎక్కించి చూడు, ఉల్లిపొట్టులా రాల్తాయి."

ఫరోలా అంటే వాళ్ళ ద్వీపం తూర్పు కొసన, కొండల మీదుగా బరకోవాకి పోయే దారి. కొన్నిచోట్ల నేల చాలక కొండ పక్కన స్తంభాలు లేపి, గాలిలో వేసిన రోడ్డు.

"ఎక్కించి చూస్తాను," అంది నెరెయిదా.

"ఎవరు, నువ్వా? ఆ చైనా సైకిలు మీదా? అది కాడెద్దంత బరువుంటుందే!"

"ఎద్దులు కొండలెక్కవా?"

ఉర్బానో నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ సైకిలు బడివాళ్ళు ఇచ్చింది. వెనక చక్రం ట్యూబుకి పదమూడు అతుకులు. పదమూడూ జామాకు ఆకారంలో ఉంటాయి. "మూలలున్నచోటే ఏదైనా లేస్తుంది. ఆకుకి మూలలుండవు," అనేవాడు తండ్రి.

ఏప్రిల్ సెలవుల వారం రాగానే ఆమె బయల్దేరింది. రొట్టె, ఉడికించిన గుడ్లు, జామ హల్వా ముక్క, గాలి పంపు, ఒక చీపురంత గొడుగు. బసకి మాత్రం బెంగ లేదు. ఎక్కడ చీకటి పడితే అక్కడి బడికి వెళ్ళి, ఫలానా పాల్మా పంతులమ్మనంటే కాపలావాడు తరగతి గది తెరిచేవాడు. రెండు బెంచీలు కలిపితే మంచం. పొద్దున ఎవరో ఒకరు కాఫీ ఇచ్చేవారు. లా మాయా దాటింది, గ్వాంతానమో దాటింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా బెత్తం కొసతో పటం మీద చూపించిన దారి ఇప్పుడు కాళ్ళకింద కదులుతోంది. పటంలో అరచెయ్యంత ఉన్న చోటు కాళ్ళకి రెండు రోజులు పట్టింది. ఈ సంగతి పిల్లలకి ఏనాడూ చెప్పలేదే అనుకుంది.

మూడో రోజు సముద్రం పక్కన ఎండు నేల. ఈమియాస్ ఊరి ముందు మారబూ కంప ముల్లు వెనక చక్రంలో దిగింది.

ఊరి మొదట్లో రేకుల నీడన దొమితీలా అనే ముసలావిడ పంక్చర్లు వేస్తోంది. ట్యూబు లాగి నీళ్ళ తొట్టిలో ముంచింది. ముల్లు దిగినచోట తప్ప ఎక్కడా బుడగ లేదు. అతుకుల మీద ఒక్కొక్కదాని మీదా బొటనవేలు నడిపింది.

"ఎవరివి పిల్లా ఇవి?"

"మా నాన్నవి."

"ఉన్నాడా?"

"మార్చిలో పోయాడు."

దొమితీలా చేతులు గౌనుకి తుడుచుకుంది. "వీటి సరసన నా అతుకు పెట్టను. సిగ్గుచేటు. నువ్వే వేసుకో."

"నాకు రాదు."

"పంక్చరువాడి ఇంట పుట్టి రాదంటావేంటే!"

"నీ చేతులు సుద్దముక్కకి ఉంచుకో అనేవాడు."

"ఇవాళ సుద్దముక్క లేదుగా. కానియ్."

నెరెయిదా రబ్బరుని ఆకులా కత్తిరించింది. చివర కాస్త వంకర పోయింది. పిస్టన్ బిగించి, కిరసనాయిలు పోసి, అంటించింది.

"ఊఁ, ఇక మాట్లాడు," అంది దొమితీలా.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. చల్లారేదాకా నోటికి పని పెట్టకపోతే చెయ్యి ఊరుకోదు. మా ఆయనైతే పాడేవాడు. ఆ గొంతుకి మేకలు కట్లు తెంపుకునేవి గానీ అతుకు మాత్రం నిలిచేది. పోనీ, మీ నాన్న సంగతి చెప్పు."

నెరెయిదా నోరు తెరిచింది. కిరసనాయిలు సీసాకి మూత బిగించింది.

"చెప్పడానికేం లేదు."

మంట ఆరింది. సముద్రం చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ మౌనంలో కూర్చోలేక ఆమె మర మీద చెయ్యి వేసింది.

"ఇంకా వేడిగా ఉంది పిల్లా."

"చాల్లెండి," అని విప్పేసింది.

నీళ్ళలో ముంచితే బుడగ రాలేదు. దొమితీలా పెదవి విరిచింది. కూలీ ఇవ్వబోతే కసిరింది. "పంక్చరువాడి కూతురి దగ్గర తీసుకుంటే నా పిస్టన్ పగుల్తుంది. పో!"

మర్నాడు పొద్దున్నే ఫరోలా మొదలైంది. మూడో మలుపులో వెనక చక్రం మెత్తబడింది. నెరెయిదా దిగింది. ఉర్బానో నవ్వు చెవి పక్కనే వినబడినట్టయింది. సైకిలు పడుకోబెట్టి, ట్యూబు లాగి, కొండ మీంచి జారే నీళ్ళు నిలిచిన గుంటలో ముంచింది. ఒక్కొక్క జామాకునీ నీళ్ళ కింద వేలితో నొక్కి చూసింది. ఒకటి, రెండు, ఏడు, పదమూడు. ఒక్క బుడగ లేదు. పద్నాలుగోదాని వంకర కొస నుంచి మాత్రం ఆవగింజలంత బుడగలు వరసగా పైకొస్తున్నాయి.

నడిరోడ్డు మీద, ఒంటరిగా, ఆమె పకపకా నవ్వింది.

ఇక పంపు కొట్టడం, ఎక్కడం, మళ్ళీ పంపు కొట్టడం. కొండ నెత్తికి చేరేసరికి బట్టలు పిండితే నీళ్ళొచ్చేట్టున్నాయి. అక్కడ ఒకామె తాటాకు పొట్లాల్లో కొబ్బరి మిఠాయి అమ్ముతోంది.

"ఇందాకట్నించీ చూస్తున్నా అక్కా, నువ్వు సైకిలెక్కావా, సైకిలు నిన్నెక్కిందా? ఆ ట్యూబు పారేసి ఇంకోటి వేసుకోరాదూ?"

"ఇది పారేసేది కాదు."

"అబ్బో, బంగారమా?"

పంపు కొడుతూనే నెరెయిదా చెప్పడం మొదలుపెట్టింది. ఒకసారి పాల్మాకి సర్కసు వచ్చింది. సైకిలు తొక్కే ఎలుగుబంటికి పంక్చరైంది. రింగుమాస్టరు దాన్ని షాపుకి తీసుకొస్తే ఊరంతా పారిపోయింది. "వరసలో నిలబడు, నీ ముందు ఇద్దరున్నారు," అన్నాడట తండ్రి. అది నిలబడిందట. ఆ ఇద్దరూ మాత్రం మళ్ళీ రాలేదట.

ఆమె తండ్రిలాగే "అట" దగ్గర గొంతు సాగదీసింది. మిఠాయి అమ్మే ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుంది. నెరెయిదా కూడా కళ్ళు తుడుచుకుంది, నవ్వుకి కాదు.

ఆ కథ ఆమె వందసార్లు విన్నది. అది ఎంత పొడుగు కథో ఇప్పుడే తెలిసింది. సరిగ్గా ఒక పిస్టన్ చల్లారేంత. పొట్టి కథ ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఊరు నోటి పని అని నవ్విందంతా చేతి పనే.

దిగుడులో ఆమె తల ఎత్తుకుని వెళ్ళింది. సాయంత్రం బరకోవాలో, తపాలా ఆఫీసు మూసే వేళకి, ఉర్బానోకి తంతి రాసిచ్చింది: పదమూడూ నిలిచాయి. బరకోవా చేరాను.

"పదమూడేంటమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆయనకి తెలుసు."

అంతటితో ఊరుకుంటే అది సగం నిజమే అవుతుందనిపించి, కాగితం వెనక్కి తీసుకుని ఇంకో వాక్యం చేర్చింది: పద్నాలుగోది నాది, కారుతోంది.

బయటికొచ్చేసరికి సైకిలు వెనక చక్రం గాలంతా పోయి నేలకి అతుక్కుని ఉంది. పద్నాలుగో అతుకు గీకేసి మళ్ళీ వెయ్యాలి. ఈసారి చల్లారేదాకా చెప్పడానికి కథ ఉంది.