ఆరో నంబరు గుళ్ళు

కిందటి ఏడు ట్రెస్సీ కొట్టిన అడవి టర్కీ కోడిపుంజు చావలేదు. రెక్క విరిగి, ముళ్ళతీగల్లోకి ఈడ్చుకుంటూ పోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. తర్వాత వాగు ఒడ్డున నక్కలు సగం తిని వదిలేసిన దాన్ని నాన్న హార్లన్ బూటుతో తిరగేసి చూశాడు. ఈ ఏడు వేట మొదలవుతుందనగా ట్రెస్సీతో అన్నాడు.

"ఇంకొక్క పక్షిని కుంటిదాన్ని చేసి వదిలావో, ఆ తుపాకీ నీది కాదు. మీ అమ్మ పక్కన నిలబడి బిస్కెట్లు కాల్చుకుందువుగాని."

ట్రెస్సీకి పదహారేళ్ళు. నలుగురిలో నోరు పెగలదు. బళ్ళో టీచరు పేరు పిలిస్తే చాలు, చెమటలు పడతాయి. కానీ ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చుందంటే ఆ ఓజార్క్ కొండల్లో ఆమె అంత కదలకుండా ఉండగలిగేవాళ్ళు లేరు. తుపాకీ పోతే కొండా పోయినట్టే.

ఆ సాయంత్రం కొట్టం వెనక అట్టముక్కల మీద బొగ్గుతో పుంజు తల, మెడ గీసి కంచెకు గుచ్చింది. ముందు నాలుగో నంబరు తూటా కాల్చింది. కిందటేడు అన్న డోయిల్ మాట విని వేసుకున్నది అదే. లోపల లావు గుళ్ళు, లెక్కకు కొన్నే. అట్ట మీద మెడకు అటూ ఇటూ బెజ్జాలు పడ్డాయి, మెడ మాత్రం శుభ్రంగా ఉంది. గొట్టం కొసకు గుళ్ళు చెదరకుండా ఇరుకు మూతి బిగించి, ఆరో నంబరు కాల్చింది. గుళ్ళు సన్నవి, బోలెడు. మెడంతా జల్లెడైపోయింది. అదే తూటా ఇంకా దూరం నుంచి కాలిస్తే కొన్ని అట్టలోకి దిగనే లేదు. అంటే దగ్గరికి రానివ్వాలి. వచ్చేదాకా ఓర్చుకోవాలి.

డోయిల్ కంచె మీద కూర్చుని నవ్వాడు.

"ఏంటే అది, మిరియాల పొడా? పుంజుని చంపుతావా, తుమ్మిస్తావా?"

"కిందటేడు నీ లావు గుళ్ళు ఏం చేశాయో చూశాంగా అన్నయ్యా."

"కొమ్మల్ని చీల్చుకుని పోయేవి అవే. నీకు గురి లేకపోతే గుళ్ళేం చేస్తాయి?"

"చీల్చవు. నువ్వన్నావనే మొక్క వెనక ఉన్నదాన్ని కొట్టా. మొక్కకి సగం తగిలాయి, పుంజుకి సగం."

కాల్పులు విని వచ్చిన నాన్న అట్ట చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు. "నీ తుపాకీ, నీ తూటా. మొదటి దెబ్బ దానిదిరా డోయిల్. నువ్వు పిలుపు పెట్టె గీకు, అంతే," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా నాన్న అవతలి గట్టుకు వెళ్ళాడు. వీళ్ళిద్దరూ ఎవరి తుపాకీ వాళ్ళు పట్టుకుని ముళ్ళపొదల మధ్య చిన్న జాగా ముందు కూర్చున్నారు. అవతల తెల్లగా పూసిన డాగ్‌వుడ్ చెట్టును ట్రెస్సీ హద్దుగా పెట్టుకుంది. అది దాటి ఇవతలికి వస్తేనే కాల్చాలి. డోయిల్ కర్రతో చేసిన పిలుపు పెట్టె గీకి, పెట్టకోడి పిలిచినట్టు పిలిచాడు. కొండ కింద నుంచి ఒక పుంజు గట్టిగా కూసింది. దాని వెనకే ఇంకోటి.

రెండూ ఒకేసారి పైకొచ్చాయి. వస్తూనే ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మెడలు పెనవేసుకున్నాయి. రెక్కలు దుప్పట్లు దులిపినట్టు చప్పుడు చేశాయి. పెద్దది ఎగిరి కాలి ముల్లు చిన్నదాని రొమ్ములో దించింది. ఈకలు లేచాయి. నీలం తలలు రక్తం పూసుకున్నట్టు ఎర్రబడ్డాయి. ఇదంతా చెట్టుకు అవతలే, అడ్డుతీగల వెనకే.

"కొట్టవే," డోయిల్ బుసకొట్టాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కొట్టు, పోతాయి! పిరికిదానా!"

ఆమె వేలు కదలలేదు. చెవి పక్కన లోకం పగిలింది. కాల్చింది డోయిల్.

చిన్న పుంజు బోర్లాపడింది. ముక్కు కింది భాగం లేదు. ఒక రెక్క నేలను కొడుతోంది. పెద్దది పారిపోలేదు. పడ్డదాని మీదికెక్కి పొడవసాగింది. కళ్ళను, తలను, విరిగిన రెక్కను. పడ్డది ఒళ్ళంతా ఈడ్చుకుంటూ చెట్టు దాటి ఇవతలికి వచ్చింది. పెద్దది దాన్ని తొక్కుతూ వచ్చింది. ఇప్పుడు అడ్డం లేదు, దూరం లేదు. ట్రెస్సీ పెద్దదాని మెడ మీద గురి నిలిపి, వేలు బిగించింది.

గురిలోకి డోయిల్ మెడ వచ్చింది.

తన పుంజు పోతుందని లేచి పరిగెత్తాడు. ఎండకు కాలిన మెడ, ఎర్రగా, గొట్టం కొసకు సరిగ్గా ఎదురుగా. సగం నొక్కిన వేలిని ఆమె ఎలా విప్పిందో ఆమెకే తెలీదు. గొట్టం ఆకాశంలోకి ఎత్తి, పుట్టాక ఎప్పుడూ అరవనంతగా అరిచింది.

"పడుకో! పడుకోరా!"

డోయిల్ నేలకు కరుచుకున్నాడు. పెద్దది ఎగిరిపోయింది. దెబ్బతిన్నది ముళ్ళతీగల్లోకి దూరింది, అచ్చం కిందటేడు లాగే.

ట్రెస్సీ తుపాకీ కింద పెట్టి వెనకే పాక్కుంటూ దూరింది. ముళ్ళు చెంప చీరాయి. కాళ్ళు దొరకగానే పట్టుకుంది. అది తన్నింది. కాలి ముల్లు ముంజేతిలో దిగి మోచేతి దాకా చీల్చింది. వదల్లేదు. మెడ మోకాలి కింద నొక్కి, తల పట్టుకుని మెలితిప్పింది. లోపల ఏదో తెగింది. రెక్కలు ఇంకా చాలాసేపు ఆమె పొట్టను కొడుతూనే ఉన్నాయి.

బయటికి ఈడ్చుకొచ్చేసరికి తుపాకీ చప్పుడుకు నాన్న వచ్చి ఉన్నాడు. డోయిల్ అప్పటికే మొదలుపెట్టాడు. "మళ్ళీ కుంటిదాన్ని చేసింది నాన్నా. నేను చెప్తూనే ఉన్నా..."

ట్రెస్సీ గొంతు అరుపుతో బొంగురుపోయింది. "నేను కాల్చలేదు," అంది. "కాల్చుంటే వాడు చచ్చేవాడు. నా గురికి అడ్డమొచ్చాడు."

నాన్న ఆమె తుపాకీ తెరిచాడు. తూటా నిండుగా ఉంది, గొట్టం చల్లగా ఉంది. డోయిల్ తుపాకీ గొట్టం ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. తర్వాత కొడుకును పెదవి పగిలేలా కొట్టాడు. డోయిల్ కూలబడ్డాడు. నాన్న మళ్ళీ చెయ్యెత్తాడు.

"చాలు నాన్నా," అంది ట్రెస్సీ. ఆయన ఆగాడు.

నాన్న డోయిల్ తుపాకీని తన భుజానికి తగిలించుకుని, ట్రెస్సీది ఆమెకే ఇచ్చాడు. "ఈ పుంజు వాడి వంతు లెక్కలోకి పోతుంది. నీ వంతు పుంజు ఇంకా మిగిలే ఉంది. రేపు ఒక్కదానివే రా," అన్నాడు.

ఆమె నెత్తుటి చేతిని చొక్కాతో చుట్టుకుంది. అవతలి గట్టు మీద పెద్ద పుంజు గట్టిగా కూసింది. డోయిల్ రక్తం ఉమ్మి, తల పక్కకు తిప్పుకున్నాడు.